మేస్త్రి కొట్టిన మేకులు

సేఫ్టీ అంటే చాలు, మనవాళ్ళు దేనికైనా తలూపేస్తారు. రాతికొండలెక్కేవాళ్ళు కొట్టే బోల్టుల దగ్గరా అంతే. "బోల్టుంటే ప్రాణానికి భద్రం కదా, పీకేవాడికి బుద్ధుందా?" అంటారు. ఉందనే నా వాదన.

సెర్రో టొర్రే కథ చూడండి. పటగోనియాలో 3,128 మీటర్ల గ్రానైట్ సూది, నెత్తిన మంచు టోపీ. ఇటలీకి చెందిన చెజారే మేస్త్రి 1959లోనే ఎక్కేశానన్నాడు. తోడెళ్ళిన టోనీ ఎగ్గర్ తిరిగి రాలేదు, ఋజువూ లేదు, చాలామంది నమ్మలేదు. దాంతో పౌరుషమొచ్చి 1970లో పెట్రోలు కంప్రెసర్ ఒకటి పైకి లాక్కెళ్ళి, ఆగ్నేయపు అంచు పొడుగునా దాదాపు 400 బోల్టులు దించాడు. పేరుకి తగ్గట్టు మేస్త్రీ పనే! తీరా చేసి పైనున్న మంచు కొండలో భాగమే కాదంటూ అది ఎక్కకుండానే, కంప్రెసర్ని గోడకే వేలాడదీసి దిగొచ్చేశాడు.

2012 జనవరిలో హేడెన్ కెనెడీ, జేసన్ క్రుక్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఆ మేకుల నిచ్చెన పట్టుకోకుండా పైకెళ్ళి, దిగుతూ ఓ 120 దాకా పీకేశారు. కింద ఎల్ చాల్తెన్ ఊళ్ళో పెద్ద గొడవ, పోలీసులూ వచ్చారు. చరిత్రని చెరపడానికి వీళ్ళెవరని అడిగారు. సబబైన ప్రశ్నే. మరి 1970లో మేస్త్రి ఎవర్నడిగి కొట్టాడు? కొట్టేవాడికి అక్కర్లేని అనుమతి పీకేవాడికే ఎందుకు?

బోల్టులే వద్దనట్లేదండోయ్. పగులన్నదే లేని నున్నటి రాయి మీద, తాడు కట్టి దిగాల్సిన చోట, నేర్చుకునే పిల్లల కోసం, శుభ్రంగా స్టెయిన్‌లెస్ స్టీలువి కొట్టండి, పాడవకముందే మార్చండి. పక్కనే నట్టో క్యామో పట్టే పగులుండగా నిచ్చెనలా కొట్టుకుంటూ పోతే మాత్రం అది రక్షణ కాదు. పడినప్పుడు ఆపేది రక్షణ. ఎక్కే పనే లేకుండా చేసేది ఇంకోటి. మన భాషలో చెప్పాలంటే, మొదటిది ఎక్సెప్షన్ హ్యాండ్లింగు, రెండోది టెస్టు పాసవ్వాలని జవాబు హార్డ్‌కోడ్ చెయ్యడం.

"పీకేస్తే చాలామందికి ఆ కొండ అందదు కదా?" అందదు. అయితే ఏంటట? మన చేతకానితనానికి కొండెందుకు తగ్గాలి? మేకులు పీకిన కొద్దిరోజులకే డేవిడ్ లామా అదే అంచు మీదుగా ఫ్రీ క్లైంబింగ్ చేశాడు. తాడు పడితే ఆపడానికే, ఎక్కడానికి చేతులూ కాళ్ళే. 1970లో కంప్రెసర్ లేకుండా కాదనుకున్నది 42 ఏళ్ళకి అయింది.

మనకి రాని పనిని పాడుచెయ్యకుండా, వచ్చేవాడి కోసం వదిలిపెట్టడం కూడా మర్యాదే. కాదంటారా? రండి, వాదించుకుందాం.