ఏది రాయాలి... ఏది వదలాలి?

న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఓ తెలుగువారి ఇల్లు అనుకోండి. మే నెల, రాత్రి పదిన్నర. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్. దాని ముందు డిగ్రీ మూడో ఏడాది పూర్తిచేసిన అమ్మాయి. వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డ నాన్న. వంటింట్లో గిన్నెలు సర్దుతున్నా చెవి ఇటే వేసిన అమ్మ.

"స్పెల్లింగ్ బీలో స్టేట్ లెవెల్ దాకా వెళ్లావుగా. అది రాశావా తల్లీ?"

"అది సెవెన్త్ గ్రేడ్‌లో నాన్నా!"

"అయితే మాత్రం? పోనీ, కూచిపూడి రంగప్రవేశం?"

"నాన్నా... వాళ్లు అడిగింది డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావని!"

నాన్నకి ఆ ప్రశ్నే వింతగా ఉంది. ఆయన గుంటూరులో ఇంటర్ చదివిన రోజుల్లో ఎందుకని ఎవరూ అడగలేదు. ఎంసెట్‌లో ర్యాంకు ఎంతని అడిగారు, అంతే. 2017 నుంచి అక్కడా నీటే. 720కి ఎన్ని వచ్చాయన్నదే లెక్క. మార్కులుంటే సీటుంది, లేకపోతే లేదు. మనసులో ఏముందో ఎవరికీ అక్కర్లేదు.

అమెరికాలో అలా కాదు. నాలుగేళ్ల డిగ్రీ, ఎమ్‌క్యాట్ అనే పరీక్ష, సిఫారసు లేఖలు... వీటన్నిటితో పాటు ఓ వ్యాసం కూడా పంపాలి. అదే పర్సనల్ స్టేట్‌మెంట్. ఎక్కువ కాలేజీలకు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారానే వెళ్తుంది. పరిమితి 5300 అక్షరాలు. మధ్యలో వదిలే ఖాళీలూ లెక్కే! పేజీన్నర దాటదు. ఒకే వ్యాసం అన్ని కాలేజీలకూ పోతుంది కాబట్టి ఫలానా కాలేజీ అంటే నాకు ప్రాణం అని రాసుకోవడానికీ లేదు. 2021లో దరఖాస్తు చేసినవాళ్లు 62 వేల పైచిలుకు, చేరినవాళ్లు 22 వేల పైచిలుకు. మార్కుల్లో ఇంచుమించు ఒకేలా ఉన్నవాళ్లలో ఎవర్ని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చేటప్పుడు ఈ పేజీన్నర మాట్లాడుతుంది.

అందుకే ఇంట్లోవాళ్లకి అన్నీ అందులో కుక్కేయాలనిపిస్తుంది. పెళ్లి సంబంధానికి బయోడేటా రాసినట్టు! నిజానికి ఆ జాబితాకి అదే దరఖాస్తులో వేరే చోటుంది. చేసిన పనులు 15 వరకు చెప్పుకోవచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలు. అందులో ముఖ్యమైన మూడింటికి మరో 1325 అక్షరాలు అదనం. మార్కులు, స్కోరు ఎలాగూ ముందే వాళ్ల చేతిలో ఉంటాయి. మళ్లీ వ్యాసంలోనూ అవే రాస్తే చదివేవారికి కొత్తగా తెలిసేదేముంది?

"సరే, నా సంగతైనా రాయి" అన్నాడు నాన్న కాస్త చిన్నబుచ్చుకుని. ఆయనకి మెడిసిన్ సీటు కొద్దిలో తప్పిపోయింది. ఆ మాట ఇంట్లో ఏడాదికి నాలుగుసార్లన్నా వస్తుంది. నాన్న కాలేకపోయింది కూతురు అవుతానంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ చదివేవాళ్లకి వెంటనే వచ్చే అనుమానం... ఇంతకీ ఈ కోరిక ఎవరిది? ఆ అనుమానం ఒకసారి వచ్చిందంటే తర్వాత ఎంత రాసినా పోదు. అమ్మాయి ఆ పేరా అంతకుముందే రాసి, కొట్టేసింది. నాన్నకి చెప్పలేదు.

అసలు ఏం రాయాలన్నది ఒక్క అమెరికాలోని తెలుగు పిల్లల బాధే కాదు. బ్రిటన్‌లో యూకాస్ అనే సంస్థ ద్వారా దరఖాస్తు చేసుకుంటారు. అక్కడి హద్దు 4000 అక్షరాలు. 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసం బదులు మూడు ప్రశ్నలకు జవాబులు రాయిస్తున్నారు. ఈ సంస్థే 2007లో ఓ తమాషా సంగతి బయటపెట్టింది. వచ్చిన వ్యాసాల్లో 50 వేలు కంప్యూటర్‌తో సరిపోల్చి చూస్తే, ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ ప్రయోగం చేయబోయి పైజమాకి చిల్లు పడేలా కాల్చుకున్నామని 234 మంది రాశారట! పాపం, అన్ని పైజమాలు ఒకేలా ఎలా కాలాయో. ఇంటర్నెట్‌లో నమూనాగా పెట్టిన ఒక వ్యాసంలోంచి అందరూ ఎత్తేసుకున్నారన్నమాట. మనిషి శరీరం పనిచేసే తీరు నన్ను అబ్బురపరుస్తుంది అనే ధోరణిలో ఇంకో 370, మంచాన పడ్డ తాతయ్య ప్రస్తావనతో మరో 175 దొరికాయి.

తాతయ్యల మీద ప్రేమ అబద్ధమని కాదు. ప్రేమ ఎవరికైనా ఉంటుంది. డాక్టర్లు కానివాళ్లకీ తాతయ్యలుంటారు. ఆయన మంచం పక్కన నిలబడి నువ్వేం చూశావు, ఆ తర్వాత నువ్వేం చేశావు... చిక్కంతా అక్కడే.

"నరసరావుపేట సంగతి ఉండనే ఉందిగా!" నాన్నకి హుషారొచ్చింది. "బాబాయ్ నర్సింగ్ హోమ్‌లో కుట్లు కూడా వేశావు. ఇక్కడ ఏ పిల్లకి దొరుకుతుంది ఆ అవకాశం?"

నిజమే, దొరకదు. రెండేళ్ల కిందట సెలవులకి వెళ్లినప్పుడు ఓ కూలీ చేతికి తగిలిన గాయానికి బాబాయ్ పక్కనుండి రెండు కుట్లు వేయించాడు. ఆ రోజు ఫొటో కూడా దిగారు. ఇప్పటికీ చుట్టాల్లో చెప్పుకుంటారు. కానీ ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. అర్హత లేని విద్యార్థులు వేరే దేశానికి వెళ్లి రోగుల మీద చేయి చేసుకోకూడదని అమెరికా వైద్య కళాశాలల సంఘం ప్రత్యేకంగా మార్గదర్శకాలే ఇచ్చింది. న్యూజెర్సీలో చేయలేని పని నరసరావుపేటలో ఎలా చేశావు? ఆ రోగిని అడిగావా? గొప్పగా రాసుకున్నది కాస్తా సీటుకే ఎసరు తేవచ్చు. సెలవుల్లో ఇండియా వెళ్లి చుట్టాల ఆసుపత్రిలో గడిపే పిల్లలు మన కుటుంబాల్లో తక్కువేం కాదు. పక్కన నిలబడి చూస్తే మంచిదే, చూసింది రాసినా మంచిదే. సూది మాత్రం పట్టకూడదు.

"మనవాడి దగ్గరే కదమ్మా" అన్నాడు నాన్న.

"బాబాయ్ మనవాడే నాన్నా. ఆ చెయ్యి మనవాళ్లది కాదు. ఆయన నన్ను డాక్టరమ్మా అన్నాడు. నేను కాదని చెప్పలేదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

అప్పుడు అమ్మాయి లాప్‌టాప్ నాన్న వైపు తిప్పింది. తెర మీద ఉన్నది నాయనమ్మ సంగతి. అయిదేళ్ల కిందటిది. నాయనమ్మ అమెరికా వచ్చినప్పుడు ఓ రాత్రి ఒంట్లో బాగోలేకపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. నాన్న ఊళ్లో లేడు, అమ్మ కారు పార్క్ చేయడానికి వెళ్లింది. కౌంటర్ దగ్గర పదహారేళ్ల ఈ పిల్లే దుబాసీ.

"గుండెలో గాభరాగా ఉందే" అంది నాయనమ్మ.

ఈ అమ్మాయికి తెలిసిన తెలుగులో గాభరా అంటే కంగారు. భయపడుతోందని ఇంగ్లిష్‌లో చెప్పింది. వాళ్లు అదే రాసుకుని కూర్చోబెట్టారు. గంట గడిచింది. ఓ నర్సు అటుగా వెళ్తూ, ముసలావిడ అరచెయ్యి రొమ్ము మీద నుంచి తీయడం లేదని గమనించింది. ఫోన్‌లో తెలుగు దుబాసీని పిలిపించింది. నాయనమ్మ మళ్లీ అదే మాట చెప్పింది. ఈసారి అవతలి గొంతు ఇంకో ప్రశ్న వేసింది... భయమా అమ్మా, గుండె దడదడలాడుతోందా? ఈసీజీ తీస్తే గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. మందులతో సర్దుకుంది, నాయనమ్మ ఇప్పుడు నరసరావుపేటలో బాబాయ్ ఇంట్లో నిక్షేపంగా ఉంది. కానీ ఆ గంట ఎందుకు ఆలస్యమైందో ఈ పిల్ల ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాన్న రెండుసార్లు చదివాడు. "తప్పు చేశానని రాస్తే సీటిస్తారా అమ్మా?"

ఇదీ అసలు భయం. మన ఇళ్లలో దరఖాస్తంటే మచ్చ లేకుండా ఉండాలి. అయితే వ్యాసం ఆ రాత్రితో ఆగిపోతే నాన్న అన్నదే నిజం. అది ఓ పశ్చాత్తాపం ఉత్తరం అవుతుంది, అంతే. సగం పేజీ తర్వాత ఏముందన్నది చూడాలి. కాలేజీలో చేరాక ఆ అమ్మాయి రెండేళ్లుగా శనివారాలు ఓ ఉచిత క్లినిక్‌లో పనిచేస్తోంది. డబ్బు లేనివాళ్లు, ఇంగ్లిష్ రానివాళ్లు వస్తారు. రాగానే దుబాసీకి ఫోన్ కలుపుతుంది, పక్కన చిన్నపిల్లలుంటే వాళ్లచేత చెప్పించదు. మరి దుబాసీయే కావచ్చుగా, డాక్టరే ఎందుకు? చదివేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న అది. మాట సరిగ్గా అందాక దాంతో ఏం చేయాలో తెలిసిన మనిషిని కావాలని ఉంది అని రాసుకుంది. ఆ వాక్యం దగ్గర నాలుగు రోజులు పట్టిందట. క్లినిక్‌కి వచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే ఆనవాళ్లు ఏవీ రాయలేదు. రాయకూడదు కూడా.

నాయనమ్మది మాత్రం దాచలేదు కాబట్టి అడగాలి. అక్కడ పొద్దున్న ఎనిమిదైంది. ఫోన్ కలిపారు. అమ్మాయి తనకొచ్చిన తెలుగులో మొత్తం చెప్పింది, ఆ గంట సంగతి కూడా.

అవతల కాసేపు చప్పుడు లేదు. కాఫీ గ్లాసు కింద పెట్టినట్టు వినిపించింది.

"అదా! నాకు తెలుసులేవే" అంది నాయనమ్మ. "నీ మొహం చూస్తే తెలియదూ? రాసుకో. ఇంతకీ గాభరా అంటే ఇంగ్లిష్‌లో ఏమని రాశావు?"

"గాభరా అనే రాశాను నాయనమ్మా."