నేర్పితే వెళ్లిపోతారట!

తిరుపతిలో ఓ హోటల్ యజమానినో, నర్సింగ్ హోమ్ మేనేజర్‌నో, రేణిగుంట దారిలో వర్క్‌షాపు పెట్టుకున్నాయననో కదిలించి చూడండి. టీ వచ్చేలోపే పాట మొదలవుతుంది. "మనుషులు దొరకరు సామీ. దొరికినోళ్లకు పని రాదు. కిందామీదా పడి నేర్పిస్తే ఆర్నెల్లకే పక్కోడి దగ్గర చేరిపోతారు." మొదటి రెండు మాటలూ ఫిర్యాదులు. మూడోది మాత్రం ఫిర్యాదు కాదు, విధానం. నేర్పడం దండగ కాబట్టి వచ్చినవాణ్ణి నేరుగా పనిలోకి తోసెయ్యి, పోకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా సంస్థల్లో సిబ్బంది నిర్వహణ ఇంతకు మించి లేదు.

ఈ విధానం తప్పని చూపించడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. తిరుమల కొండెక్కితే చాలు.

భక్తులకు స్వచ్ఛందంగా సేవ చేసే శ్రీవారి సేవ 2000లో సుమారు రెండు వందల మందితో మొదలైంది. ఇప్పుడు బృందాలు బృందాలుగా వేలమంది వస్తున్నారు. వారం రోజుల సేవకని వచ్చేవాళ్లలో బ్యాంకు ఉద్యోగులుంటారు, గృహిణులుంటారు, రైతులుంటారు, రిటైరైన టీచర్లుంటారు. వారం తిరగ్గానే వాళ్లు ఊరి బస్సెక్కుతారని పని అప్పగించేవాళ్లకు ముందే తెలుసు. అయినా కూర్చోబెట్టి చెబుతారు. ఎక్కడ నిలబడాలి, భక్తులతో ఎలా మాట్లాడాలి, ఏ పని తమది కాదు అన్నవి అందులో ఉంటాయి. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో పని పంచిన తీరు చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద పెద్ద పాత్రల్లో వంట చేసేది అనుభవమున్న సిబ్బంది. కూరగాయలు తరగడం, ఆకులు వేయడం, వడ్డించడం లాంటివి సేవకుల చేతికి వెళ్తాయి. కొత్త మనిషి మొదటి గంటలోనే తప్పు లేకుండా చేయగలిగిన పని వేరు, ఏళ్లు పడితే గాని రాని పని వేరు. ఆ రెంటినీ విడగొట్టారు కాబట్టే మనుషులు మారుతున్నా పంక్తి ఆగదు.

వాళ్లది భక్తి, మాది జీతం, రెండింటికీ పోలికేమిటని యజమాని అడగొచ్చు. నిజమే, పొద్దున్నే లేచి రావడానికి భక్తి చాలు. కానీ సాంబారు ఎంత పోయాలో, ఏ వరుస నుంచి మొదలుపెట్టాలో భక్తి చెప్పదు. ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఏడు రోజులకు వచ్చిన మనిషికి నేర్పడం గిట్టుబాటైతే, ఆరు నెలలుండే మనిషికి నేర్పడం నష్టమనే లెక్క ఎక్కడిది?

ఇప్పుడు బస్టాండు పరిసరాల్లోని ఏదైనా టిఫిన్ హోటల్లో కొత్తగా చేరిన సప్లయర్ మొదటి రోజు గమనించండి. పుంగనూరు నుంచో పలమనేరు నుంచో వచ్చిన కుర్రాడు. మెనూలో ఏముందో, అందులో ఏది అయిపోయిందో అతనికి ఎవరూ చెప్పరు. గిరాకీ అడిగిన ప్రతిదానికీ లోపలికి పోయి మాస్టర్‌ని అడుగుతాడు. దోసె పెనం ముందు చెమటలు కక్కుతున్న మాస్టర్ కసురుకుంటాడు. బయట మూడు టేబుళ్లు చెయ్యెత్తి పిలుస్తుంటాయి, కౌంటర్ నుంచి ఓనర్ అరుస్తుంటాడు. మూడో రోజుకి కుర్రాడు కనబడడు. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదబ్బా" అని తీర్పు వస్తుంది. నేర్పినందుకు వెళ్లిపోయాడా ఈ కుర్రాడు? ఇక్కడ నేర్పిందెవరు? ఏ సంస్థలోనైనా చేరినోళ్లు ఎన్నో రోజున మానేస్తున్నారో హాజరు పట్టీ తిరగేసి చూస్తే చాలు. మొదటి నెలలోనే పోయేవాళ్ల పేర్లే ఎక్కువైతే, యజమాని చెప్పుకునే కథ అక్కడితో సరి.

ఇది ఒక్క తిరుపతి జబ్బేమీ కాదు. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీకి 1913లో దాదాపు 14 వేల మంది కార్మికులు కావాల్సి వస్తే, ఆ సంఖ్య నిలబెట్టడానికి ఏడాదిలో 52 వేల పైచిలుకు మందిని చేర్చుకోవాల్సొచ్చింది. కార్మికులకు బద్ధకమని తిట్టుకుంటూ కూర్చోలేదు ఫోర్డ్. 1914 జనవరిలో రోజుకు ఐదు డాలర్లు ఇస్తానన్నాడు, పనిగంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. మానేసేవాళ్ల సంఖ్య చప్పున పడిపోయింది. ఆయన ధర్మాత్ముడేం కాదు, లెక్క తెలిసిన వ్యాపారి.

నేర్చుకున్నవాళ్లు పోతే ఏమవుతుందో చూడాలంటే శ్రీకాళహస్తి ఉంది. గత శతాబ్దం మధ్యకొచ్చేసరికి అక్కడి కలంకారీ చేసే చేతులు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల బోర్డు 1950ల చివర్లో ఆ ఊళ్లో శిక్షణ కేంద్రం తెరిచింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువు. ఆ పని ఒక్క ఊపులో వచ్చేది కాదు. కరక్కాయ కలిపిన పాలలో గుడ్డను ముంచి ఆరబెట్టాలి. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీయాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానితే గాని నలుపు రాదు. పటిక ఎక్కడ పూయాలో, పారే నీళ్లలో ఎన్నిసార్లు ఉతకాలో తెలియకపోతే రంగు నిలవదు. అక్కడ నేర్చుకున్నవాళ్లు అక్కడే ఉండిపోలేదు. బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నారు, ఇంకొందరికి నేర్పారు. లక్ష్మయ్య కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ రోజు శ్రీకాళహస్తిలో కలంకారీ చీర కొనగలుగుతున్నామంటే నేర్చుకుని వెళ్లిపోయినవాళ్ల పుణ్యమే.

అది సర్కారు సొమ్ము, నాది సొంత సొమ్ము అంటాడు యజమాని. సరే. మరి ఆయనే పేపర్లో వేయించే ప్రకటన చూడండి. "అనుభవం గలవారికి ప్రాధాన్యం." ఆ అనుభవం ఎవరి దగ్గర వచ్చింది? పక్కోడు ఖర్చుపెట్టి నేర్పితేనే గదా!

అసలు మనుషులు ఎందుకు పోతారో పొరుగునున్న తమిళనాడులోనే రుజువైంది. 2021 డిసెంబర్‌లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ మహిళా కార్మికులు హాస్టల్ తిండి వికటించి ఆస్పత్రుల పాలయ్యారు. తోటివాళ్లు హైవే మీద బైఠాయించారు. ఐఫోన్లు తయారయ్యే ఫ్యాక్టరీ వారాల తరబడి మూతపడింది. అంత పెద్ద సంస్థను ఆపింది సాంకేతిక లోపం కాదు, అన్నం. మన శ్రీసిటీ పారిశ్రామికవాడలో కూడా ఫోన్ల లైన్ల మీద నిలబడేవాళ్లలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలే. రాత్రి షిఫ్ట్ దిగాక కంపెనీ బస్సు ఊరి దగ్గర దింపుతుందా, మెయిన్ రోడ్డు మీదే వదిలేస్తుందా అన్నదాన్ని బట్టే ఉద్యోగం మాన్పించాలా వద్దా అని ఇంట్లోవాళ్లు తేల్చుకుంటారు. ఈ లెక్క ఏ శిక్షణ నివేదికలోనూ కనబడదు.

ఇక బాండ్ల సంగతి. విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పిచ్చింది. చూశారా అని సంబరపడేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. అది పోటీ పరీక్షలు పెట్టి అధికారులను తీసుకునే ప్రభుత్వరంగ బ్యాంకు వ్యవహారం, రాతపూర్వక ఒప్పందం. పదివేల జీతం మీద చేరిన అమ్మాయి డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో దాచుకోమని ఆ తీర్పులో ఎక్కడా లేదు. సర్టిఫికెట్ కోసం ఉండిపోయిన మనిషి శరీరం మాత్రమే డ్యూటీలో ఉంటుంది.

అయితే ఏం చేయాలి? చేయాల్సినవన్నీ చౌకవే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా, కొత్తవాళ్లతో ఫ్యాక్టరీలు నడపడానికి ముందుగా సూపర్‌వైజర్లకు నేర్పింది. పని ఎలా చేయాలన్నది కాదు, ఎలా నేర్పాలన్నది. కొత్త మనిషి భయం పోగొట్టు, ఒక్కొక్క మెట్టూ చేసి చూపించు, అతనితో చేయించి నోటితో చెప్పించు, తర్వాత మళ్లీ వచ్చి చూడు. ఆ పద్ధతి యుద్ధం తర్వాత జపాన్ చేరి అక్కడ పాతుకుపోయింది. మన దగ్గర మంచి పనివాణ్ణి సూపర్‌వైజర్ చేసేస్తారు, నేర్పడం ఎలాగో మాత్రం అతనికి ఎవరూ నేర్పరు. ఇంగ్లీషు పీపీటీతో ఒక పూట ఇండక్షన్ పెట్టడం కన్నా, గోడ మీద తెలుగులో ఒక పేజీ అంటించడం మేలు. తడ వైపైతే పక్కన తమిళం కూడా ఉండాలి. ఇక మనుషులు దొరకడానికీ దారి ఉంది. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. దాని ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు రూ.1,500 వరకు, కేంద్రం భరిస్తుంది. మనుషులు దొరకరని వాపోయేవాళ్లలో ఎంతమంది అప్రెంటిస్‌షిప్ పోర్టల్ తెరిచి చూశారో వాళ్లే చెప్పాలి.

2025 మేలో ఎల్‌జీ శ్రీసిటీలో సుమారు రూ.5 వేల కోట్ల ఫ్యాక్టరీకి పునాది వేసింది. అలాంటివి వచ్చేకొద్దీ కుర్రాళ్లకు ఎంచుకునే వీలు పెరుగుతుంది, మానేసేవాళ్లూ పెరుగుతారు. కాబట్టి మానేసినవాళ్లకు నెల తర్వాత ఒకసారి ఫోన్ చేసి కారణం అడగాలి. వెళ్లే రోజున అడిగితే "ఇంట్లో ఇబ్బంది" అనే చెబుతారు, ఎందుకంటే ఆఖరి జీతం ఇంకా చేతికి రాలేదు. ఆ ఫోన్ మేనేజర్ చేయకూడదు. చాలాసార్లు కారణం ఆయనే.