బాలింతకు పదహారు రోజుల కూలి

గంపలగూడెం మండలం వినగడపలాంటి ఊళ్లో పత్తి తీతకో మిరప కోతకో పోయే ఆడమనిషికి ప్రసూతి సెలవంటూ ఉండదు. పనికి పోని రోజు కూలి లేని రోజే. ఆ నష్టం పూడ్చడానికని మాతృవందన యోజన కింద తొలి కాన్పుకు కేంద్రం ఇచ్చేది 5,000 రూపాయలు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 ఉపాధి హామీ కూలి రోజుకు 307. భాగించి చూడండి, పదహారు రోజులు. కంపెనీలో ఉద్యోగం చేసే ఆమెకు 2017 సవరణ తర్వాత చట్టం ఇస్తున్నది 26 వారాల జీతం.

పోనీ, అది చట్టం చెప్పిన మొత్తమేనా? 2013 ఆహార భద్రత చట్టం 6,000కు తగ్గకూడదంది. 2017లో పథకం మొదలెట్టినప్పుడు, మిగతాది జననీ సురక్ష యోజన సొమ్ముతో కలిపి చూసుకోమన్నారు. అప్పటి నుంచి బియ్యం, పప్పు, నూనె ధరలు ఎక్కడికో పోయాయి. ఈ అంకె మాత్రం కదల్లేదు.

ఆ డబ్బయినా అవసరానికి అందుతుందా అంటే, నా అసలు పేచీ అక్కడే. గర్భిణిగా పేరు నమోదై, ఒక్కసారైనా పరీక్ష చేయించుకుంటే 3,000. మిగతా 2,000 బిడ్డ జననం నమోదై, పద్నాలుగో వారం టీకాలు పడ్డాకే. మూడున్నర నెలల దాకా ఏ కూలి తల్లి మంచం మీద ఉంటుంది? ఆ సొమ్ము వచ్చేసరికి పిల్లను అత్త చేతిలో పెట్టి చేలోకి దిగి ఉంటుంది.

పైగా మన ఇళ్లలో తొలి పురుడు పుట్టింట్లో. వినగడప కోడలి పుట్టిల్లు పక్కనున్న ఖమ్మం జిల్లాలో ఉందనుకోండి. పేరు ఈ ఊరి ఏఎన్‌ఎం దగ్గర, కాన్పు అక్కడ, టీకాలు అక్కడ, జనన ధ్రువపత్రమూ అక్కడే. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకా తండ్రి ఇంటి సభ్యురాలు. ఇక బ్యాంకులో ఏ ఖాతాకు ఆధార్ చివరగా లింకయిందో ఆ ఖాతాలో పడుతుంది సొమ్ము. అది ఎప్పుడో చదువుకునే రోజుల్లో తెరిచి మరిచిపోయిన ఖాతా కావచ్చు. ఈ చిక్కులన్నీ విప్పాల్సింది పచ్చి బాలింత. కాన్పయిన 270 రోజులలోపు దరఖాస్తు పెట్టకపోతే అంతే సంగతులు. ఎవరైనా చదువుకున్న మరిది ఉంటే నయం.

రెండో కాన్పు సంగతి ఇంకా విడ్డూరం. ఆడపిల్ల పుడితే 6,000, మగపిల్లాడు పుడితే సున్నా. ఆడపిల్ల పుట్టుకను ప్రోత్సహించాలన్న ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ఇది తల్లి పోగొట్టుకున్న కూలికి పరిహారమన్నారు కదా? మగపిల్లాణ్ణి కన్నామె నడుం నొప్పి వేరా? ఇంకోపక్క పిల్లల్ని కనండని రాష్ట్రమే చెబుతోంది. ఇద్దరు పిల్లల పరిమితి చూడకుండా ప్రభుత్వోద్యోగినులకు 2025లో ప్రసూతి సెలవు ఇచ్చింది. ఆ ఉదారం సచివాలయం గుమ్మం దాటి మిరప చేను దాకా రాలేదు.

డబ్బు లేక అనడానికి వీల్లేదు. తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పేరిట 1987 నుంచే ప్రసూతి సాయం ఇస్తోంది, 2018లో దాన్ని 18,000 చేసింది. తెలంగాణ 2017లో కేసీఆర్ కిట్‌తో పాటు మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 ప్రకటించింది. మన రాష్ట్రం కేంద్రం సొమ్ముకు తన వాటా అదనంగా కలిపి, అందులో సగమైనా ఎనిమిదో నెలలోనే చేతికిస్తే చాలు. ఆశా కార్యకర్త ఎలాగూ ఆ ఇంటికి వెళ్తూనే ఉంది, కాగితాలు అప్పుడే సరిచూడవచ్చు.