అత్యవసరపు మాత్రయు ముట్టు దినమును

ఈ మాసపు విషయము అత్తగారి యెదుట బిగ్గఱగా చదువదగినది కాదని కొందఱు తలపవచ్చును. మా ఆలంపూరు వస్తుప్రదర్శనశాలలో లజ్జాగౌరీ విగ్రహము కలదు. సంతానము కోరు స్త్రీలు ఆ దేవిని పూజించెడివారని పెద్దలు చెప్పుదురు. బిడ్డలను కోరుట సిగ్గు కానప్పుడు, వారిని ఎప్పుడు కనవలెనో లెక్కించుకొనుట మాత్రము సిగ్గెట్లగును?

శివరాత్రికి ఇల్లు చేరిన పెనిమిటి మరల హైదరాబాదు పనికి పోయిన వెనుక, మా వీధిలోని యొక యువతి, ఇద్దఱు బిడ్డల తల్లి, అత్యవసర గర్భనిరోధక మాత్రను కొని మ్రింగినది. ముట్టు రావలసిన దినము దాటి నాలుగు దినములయ్యెను. ఒక సాయంకాలము మా గుమ్మము కడ నిలిచి, "అక్కా, గోలి పని చెయ్యలేదేమో. నాలుగు దినాలాయె" అని కంట నీరు పెట్టుకొనినది. ఆమె సంచిలో మఱియొక మందు పొట్లముండెను. అది గర్భస్రావము కలిగించు మందు. వైద్యుని చీటి లేనిదే అమ్మరాని ఆ మందును ఎవరో రహస్యముగా తెచ్చి యిచ్చిరట. ఆ రాత్రియే మ్రింగ నిశ్చయించుకొని వచ్చినది!

ఈ రెండు మందులును ఒకటే యని మనలో పలువురు భ్రమపడుచున్నారు. అత్యవసర మాత్రలో నుండునది లెవోనార్జెస్ట్రెల్. మన దేశమున 2005 మొదలుకొని దీనిని వైద్యుని చీటి లేకయే కొనవచ్చును. మోతాదు 1.5 మిల్లీగ్రాములు. 72 గంటలలోపల, ఎంత త్వరగా మ్రింగిన అంత మేలు. అండము విడుదల కాకమునుపు మ్రింగినచో ఆ విడుదలను కొన్ని దినములు వెనుకకు నెట్టును. ఇదియే దాని ముఖ్యమైన పని. అండము అప్పటికే విడుదలైయున్నచో దానివలన ప్రయోజనము లేదు. నిలిచిన గర్భమును అది తీసివేయజాలదు, చెఱుపదు.

అండము వెనుకబడినప్పుడు ముట్టును వెనుకబడుట వింత కాదు. వంటకు నీరు ఆలస్యముగా వచ్చిన దినమున భోజనవేళ తప్పదా? ఋతుచక్రపు తొలి దినములలో మ్రింగినవారికి ముట్టు ముందుగానే వచ్చుటయు కలదు. పెక్కుమందికి మాత్రము అనుకొనిన దినమునకు ఒక వారము ఇటునటుగా వచ్చును. స్రావము ఒకసారి హెచ్చుగను, ఒకసారి తక్కువగను ఉండవచ్చును. తరువాతి మాసమున సామాన్యముగా పూర్వపు లెక్కయే కుదురును. దీనివలన మునుముందు సంతానము కలుగదను మాట వట్టిది.

మాత్ర వేసికొనిన కొలది దినములకు కనబడు కొద్దిపాటి రక్తపు మఱకను చూచి "ముట్టు వచ్చినది, గండము గడచినది" అని నిశ్చింతగా నుండుట దీనికి మాఱుదిక్కు పొరపాటు. ఆ మఱక ముట్టు కాకపోవచ్చును. అనుకొనిన దినము దాటి ఏడు దినములైనను ముట్టు రానియెడల, లేక వచ్చినది మిక్కిలి స్వల్పమైనయెడల, మూత్రపరీక్ష చేసికొనవలెను. సంగమము జరిగి 21 దినములు గడచిన పిమ్మట పరీక్ష నమ్మదగినది. ప్రభుత్వపు 'నిశ్చయ్' పరీక్షాసామగ్రిని ఆశా కార్యకర్తల నడుగవచ్చును. పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి యున్నచో పరీక్షకై కూడ వేచియుండరాదు, ఆసుపత్రికి పోవలెను. గర్భము గర్భాశయమునకు వెలుపల నిలిచియుండవచ్చును.

మఱికొన్ని మాటలు. మ్రింగిన రెండు గంటలలో వాంతి యైనచో మరల మ్రింగవలెను. క్షయకు రిఫాంపిసిన్ వాడువారికిని, మూర్ఛకు కొన్ని మందులు వాడువారికిని ఈ మాత్ర సరిగా పనిచేయదు. వారు వైద్యురాలి నడుగవలెను. ఐదు దినములలోపల రాగి తీగ గల సాధనమును, అనగా కాపర్-టీని, పెట్టించుకొనుట మాత్రకంటెను నిశ్చయమైన ఉపాయము. ఒకసారి మ్రింగిన మాత్ర ఆ మాసమంతయు కాపాడదు. మాటిమాటికి మ్రింగినచో ముట్టు లెక్క బొత్తిగా తప్పును, ఆపై భయమునకు అంతముండదు. పెనిమిటి పండుగలకు మాత్రమే వచ్చు ఇండ్లలో దీనినే నిత్యోపాయముగా పెట్టుకొనుట మాకు సమ్మతము కాదు. ఆయన రాకముందే వేఱొక ఉపాయము చూచుకొనవలెను. ఆయనకును ఇందులో భాగము కలదు.

ఆ యువతిచే సంచిలోని పొట్లమును ఆశా కార్యకర్త చేతికిప్పించి, మూడు దినములు ఓర్చుకొనుమని చెప్పితిమి. గర్భమే నిలిచినను చట్టప్రకారము వైద్యురాలి కడకు పోవు మార్గము కలదని కూడ చెప్పితిమి. ఆఱవ దినము ఉదయమున కోనేటి నీళ్లబిందెతో వచ్చి, ఏమియు మాటలాడక నవ్వి వెళ్లిపోయినది.