బంతికి సాక్ష్యమేది?

శతకము సాధించిన బ్యాటును అద్దాల బీరువాలో నిలుపుదురు. పదిమంది బ్యాట్స్‌మన్లను పెవిలియనుకు పంపిన బంతి యేమైనదని అడుగువారు అరుదు. అడుగువారిలోను పలువురు వేలమునందలి ధరను అడుగుదురే గాని దాని కథను అడుగరు. ఆ ఉపేక్షను, ఈ ధనాశను మేము సమానముగా నిరసించుచున్నాము. చారిత్రకమైన బౌలింగునకు సాక్షిగా నిలిచిన బంతి అంగడి సరుకు కాదు. అది తిరుగులేని ఆధారముతో ప్రజల కంటియెదుట నుండవలయును.

మన బెంగుళూరునే చూడుడు. 1974 నవంబరులో తొలి టెస్టు జరిగిన చిన్నస్వామి క్రీడారంగమునకు బౌలర్ల చరిత్ర కొదువ లేదు. 1987లో మణీందర్ సింగ్ 27 పరుగులకు 7 వికెట్లు తీసి పాకిస్థానును 116కు కూల్చినది ఇచ్చటనే. 1988లో న్యూజిలాండు వీరుడు రిచర్డ్ హాడ్లీ 374వ వికెట్టుతో ప్రపంచ రికార్డు నెలకొల్పినది ఇచ్చటనే. 2017లో నాథన్ లయన్ 50 పరుగులకు 8 వికెట్లు గైకొన్నది, 2024 అక్టోబరులో భారతజట్టు 46కే కుప్పకూలిన దినమున మాట్ హెన్రీ 15 పరుగులకు 5 వికెట్లు తీసినది ఇచ్చటనే. పరాయివాని బంతియని త్రోసిపుచ్చరాదు. చరిత్రకు జట్టు లేదు.

ఈ నగరపు బిడ్డ అనిల్ కుంబ్లే 1999 ఫిబ్రవరి 7న ఢిల్లీలో పాకిస్థాను వికెట్లు పదింటిని 74 పరుగులకు ఒక్కడే కైవసము చేసికొనెను. వికెట్టు పడక 101 పరుగులు చేసిన జట్టు 207కే ముగిసినది. పదవ వికెట్టు తనకు దక్కరాదని జవగళ్ శ్రీనాథ్ వికెట్లకు దూరముగా బంతులు వేసెను. చివరి క్యాచి పట్టినవాడు మన హైదరాబాదు లక్ష్మణ్. కన్నడిగుని త్యాగము, తెలుగువాని చేయి కలిసిన ఆ బంతికి ధర కట్టగలవాడెవడు?

అమెరికావారి బేస్‌బాల్‌లో ఒక్క ఆటకే పదుల కొలది బంతులు మారును. కావుననే అచ్చటి ప్రధాన లీగు మైదానముననే సాక్షిని నియమించి, సంఖ్య గల ముద్రను బంతికి అంటించి నమోదు చేయించును. మన టెస్టులో 80 ఓవర్ల వరకు సాధారణముగా ఒక్క బంతియే గనుక గుర్తించుట సులభము. ఆకారము చెడినచో అంపైర్లు దానిని మార్చుదురు. ఏ బంతితో ఏ వికెట్టు పడినదో వ్రాసి యుంచనిచో మిగులునది తోలు, దారము, ఒక కట్టుకథ. సంతకము చాలునందురా? సంతకము ఏ బంతిమీదనైనను చేయవచ్చును.

లండనులోని లార్డ్స్ మ్యూజియమున ఒక పిచ్చుక కలదు. భారతదేశపు తొలి టెస్టులో ఆడిన జహంగీర్ ఖాన్ 1936లో కేంబ్రిడ్జి పక్షమున వేసిన బంతి తగిలి అది మరణించినది. దానిని ఆ బంతిమీదనే నిలిపి భద్రపరచిరి. పిచ్చుక ప్రాణమునకు దక్కిన గౌరవము బౌలరు చెమటకు దక్కవలదా?

‘సేకర్తలే లేకున్న ఇవి చెత్తకుప్పల పాలగును’ అని కొందరందురు. అందు సత్యము లేకపోలేదు. వారి శ్రద్ధకు నమస్కారము. కాని కాపాడినవాడు కావలివాడే గాని యజమాని కాడు. తెలుగు కుటుంబమున పుట్టిన సి.ఎస్. నాయుడు 1944-45 రంజీ అంతిమపోటీలో హోల్కర్ పక్షమున 917 బంతులు వేసి 11 వికెట్లు తీసెను. అంకెను చదివిన పిల్లవానికి ఆ శ్రమ తెలియదు. అరిగిన తోలును, విచ్చిన కుట్టును చూచినచో తెలియును. ఇనుపపెట్టెలో దాచిన బంతి యెవరికి పాఠము చెప్పును?

కావున మా కోరిక స్పష్టము. ఆట ముగిసిన క్షణముననే అంపైర్లు, స్కోరర్లు సంతకము చేసిన పత్రము బంతితో చేరవలయును. బంతిపై మొదటి హక్కు బౌలరుది, పిదప ప్రజలది, వ్యాపారిది ఎన్నడును కాదు. సేకర్తలు తమ యొద్దనున్నవానిని ఏడాదికొకసారియైనను ప్రదర్శనకు ఈయవలయును. మహాత్మాగాంధీ రోడ్డు చెంత కూడలికి కుంబ్లే పేరు పెట్టిన నగరమిది. పేరు పెట్టుట సులభము; పని చేసిన బంతిని నిలుపుట కర్తవ్యము. తెలుగువారము, కన్నడిగులము కలిసి దీనిని అడుగుదము.