పాత పికప్ సీటు కూడా రైతు సమస్యే

2025 అక్టోబరు 1 నుంచి దేశంలో తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబరులోనే ఈ ఉత్తర్వు ఇచ్చింది. మంచి పనే. ఎండాకాలంలో ఇంజన్ వేడి పక్కన కూర్చొని పగలూ రాత్రీ నడిపే మనిషికి ఆ మాత్రం చల్లదనం ఎప్పుడో ఇవ్వాల్సింది. అయితే ఆ ఉత్తర్వు లోడుతో కలిపి మూడున్నర టన్నులు దాటే బండ్లకే వర్తిస్తుంది. మనం టమాటా డబ్బాలు, ఆకుకూర మోపులు వేసుకుని పోయే టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు, ట్రాలీ ఆటోలు ఆ లెక్కలోకి రావు. పైగా కొత్తగా తయారయ్యే వాటికే కాబట్టి, ఇప్పటికే మన వాకిట్లో ఉన్న పాత బండ్ల ఊసు ఎక్కడా లేదు.

గిట్టుబాటు ధర, కౌలు, పంటల బీమా ఉండగా రైతుల పత్రికలో బండి సీట్ల గోల ఏమిటని కొందరు అనవచ్చు. కందుకూరు, మహేశ్వరం, యాచారం వైపు నుంచి రాత్రి రెండు గంటలకు బయలుదేరి, పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా మాదన్నపేట మండికో మీర్ ఆలం మండికో చేరే రైతును అడిగి చూడండి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి గుడిమల్కాపూర్ పోయేవాళ్లను అడగండి. కొత్తపేట పండ్ల మార్కెట్‌ను 2021లో బాటసింగారం తరలించాక బత్తాయి రైతులకు ఆ దారి కొత్తగా అలవాటైంది. బండి దిగగానే రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఒక నిమిషం వంగి నిలబడడం మండిలో రోజూ కనబడేదే. దాన్ని వయసు మీదికి నెట్టేస్తాం. పాతికేళ్ల పిల్లలు కూడా అట్లాగే నిలబడుతున్నారు.

మనలో చాలామంది బండి కొత్తది కొనలేదు. రెండో చేతిదో మూడో చేతిదో కొన్నాం. నాది 2010 మోడల్ పికప్. ఇంజన్‌కు బోరు చేయిస్తాం, టైర్లకు రీట్రేడింగ్ చేయిస్తాం, డబ్బాలు పెట్టే వెనక బాడీకి పట్టీలు వెల్డింగ్ చేయిస్తాం. మనిషి కూర్చునే చోట మాత్రం చిరిగిన రెక్సిన్ మీద గోనెసంచి మడిచి వేసుకుంటాం. సరుకు పాడైతే నష్టం వెంటనే చేతికి తెలుస్తుంది, నడుము పాడైతే పదేళ్లకు గాని తెలియదు. ఆ లెక్క తప్పని నా అభిప్రాయం. క్యాబిన్ బాగు చేసుకోవడం సోకు పని కాదు. అది మన పని స్థలం, అందులో సగానికి పైగా పని మన చేతులతోనే అవుతుంది.

మొదట కాళ్ల కింద ఉన్న రేకు చూడాలి. రబ్బరు మ్యాట్ ఎత్తండి. దాని కింద కంపెనీ వేసిన మందపాటి పీచు గుడ్డ ఉంటుంది. బురద కాళ్ల తడి, వాన నీళ్లు, బండి కడిగినప్పుడు పైపు నీళ్లు అన్నీ అది తాగి నెలల తరబడి వదలదు. పైకి మ్యాట్ శుభ్రంగా కనబడుతుంటే కింద రేకును తుప్పు తినేస్తుంటుంది. ఆ గుడ్డ తీసి పారేయండి. తలుపులు బార్లా తెరిచి రెండు రోజులు ఎండలో ఉంచండి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా పొడిచి చూడండి. మొన దిగబడకపోతే ఎమరీ కాగితంతో రుద్ది రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, మీద పెయింటు వేస్తే చాలు. దిగబడితే అక్కడ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ పెట్టాల్సిందే. చాలామంది ఆ రంధ్రం మీద ఏదో షీటు అంటించి మూసేస్తారు. సైలెన్సర్ పొగ ఆ రంధ్రాల్లోంచే లోపలికి వస్తుంది. అద్దాలు ఎత్తుకుని చలికాలం తెల్లవారుజామున పోయేటప్పుడు తల బరువెక్కుతుందంటే నిద్ర అనుకోవద్దు, ఈ రంధ్రాలు వెతకండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగిటివ్ తీగ విప్పాలి, డీజిల్ పైపు ఎటు పోతుందో చూసుకోవాలి. ఆ ఒక్క పని మాత్రం తెలిసినవాడితోనే చేయించండి.

తర్వాత సీటు. నాలుగు బోల్టులు విప్పితే బయటికి వస్తుంది. సీటు బెల్టు బోల్టు వేరు, దాన్ని కదపకండి. కింద పట్టాలకు తుప్పు పట్టి సీటు ముందుకు వెనక్కు జరగకుండా బిగుసుకుపోయి ఉంటుంది. డీజిల్‌తో కడిగి గ్రీజు పెడితే చాలాసార్లు అదే కదులుతుంది. పొట్టి మనిషీ పొడుగు మనిషీ ఒకే దూరంలో కూర్చొని క్లచ్ తొక్కే అవస్థ దీంతోనే తీరుతుంది.

స్పాంజ్ దగ్గర మాత్రం పాతబస్తీ పనివాళ్ల మాట వినాలి. సంతోష్‌నగర్ వైపు రోడ్డు పక్క చిన్న మడిగెలో సీట్లు కుట్టే పెద్దాయన దగ్గరికి నా సీటు తీసుకుపోయాను. మెత్తగా ఉండాలని అడిగితే నవ్వాడు. “అందరు నరమ్ నరమ్ అంటరు పటేల్. నరమ్‌ది ఆర్నెల్లల్ల చపాతీ అయితది” అన్నాడు. “మరి ఏం పెట్టాలె భాయ్?” అంటే, “కింద గట్టిది, మీద పల్చగ మెత్తది. కూసున్నంక మోకాళ్లు నడుము కంటె మీదికి రావద్దు” అన్నాడు. కొలత కోసం నన్ను ఆ సీటు మీదే కూర్చోబెట్టి, ఒకసారి తీసి మళ్లీ కోశాడు. ఏ షోరూంలోనూ నన్నెవరూ అట్లా కూర్చోబెట్టి కొలవలేదు. కవరుకు అంచుల్లో రెక్సిన్, మధ్యలో దళసరి గుడ్డ పెట్టించుకోండి. మొత్తం రెక్సిన్ అయితే మే నెలలో పెనమే.

వేడి సంగతి. టాటా ఏస్‌లో ఇంజన్ సీటు కిందే ఉంటుంది. 2005లో ఆ బండి వచ్చిన రోజుల నుంచీ నడిపినవాళ్లకు ఈ బాధ తెలుసు. వేడి ఎక్కువగా వచ్చేది ఇంజన్ మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఎండి పగిలిన చోట. ముందు ఆ రబ్బరు మార్చండి. తర్వాత మూత లోపలి వైపు అల్యూమినియం పూత ఉన్న వేడి ఆపే షీటు అంటించండి. థర్మోకోల్ ముక్కలు, గోనె పట్టాలు కుక్కుతున్నవాళ్లను చూశాను. ఆయిల్ తాగిన గోనెకు నిప్పు అంటుకోవడానికి ఎంతసేపు పట్టదు, థర్మోకోల్ పొగ ఊపిరి ఆడనివ్వదు. అట్లాగే ఫ్యూజ్ పోయిన చోట రాగి తీగ చుట్టడం మానుకోండి. ఫోన్ చార్జింగ్‌కైనా చిన్న ఫ్యానుకైనా విడిగా ఫ్యూజ్ పెట్టి తీగ లాగాలి.

తలుపుల గురించి ఎక్కువ చెప్పను. అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోతాయి, పుల్లతో పొడిచి తెరవండి. లోపలి అట్ట ఉబ్బిపోయి ఉంటే పల్చటి ప్లైవుడ్ ముక్క కోసి బిగించుకోవచ్చు, దాని వెనక ప్లాస్టిక్ కాగితం మరిచిపోవద్దు.

పాత సామానుకు మన అడ్డా మూసీ అవతల పుత్లీబౌలి, గోషామహల్, ఇంకా గురువారం పూట జుమేరాత్ బజార్. కంపెనీ డీలర్ ‘ఆ మోడల్‌కు ఇప్పుడు రాదు’ అని చేతులెత్తేసిన అద్దం హ్యాండిల్, తలుపు లాక్, డ్యాష్‌బోర్డు మూత అక్కడ గుట్టల్లో దొరుకుతాయి. వ్యాన్ సైజు లారీ ఏది కనబడ్డా మనం ఇప్పటికీ ‘డీసీఎం’ అంటాం. ఆ పేరు తెచ్చిన డీసీఎం టయోటా కంపెనీ 1990ల తర్వాత లేదు. కంపెనీ పోయినా బండ్లు ఏళ్ల తరబడి నడిచాయంటే ఇట్లాంటి బజార్ల పుణ్యమే. ఆ పనివాళ్లకు అసంఘటిత కార్మికులనే పేరు తప్ప ఇంకేమీ లేదు. మనకూ వాళ్లకూ ఉన్న సంబంధం మన సంఘాలు ఇంతవరకు సరిగా పట్టించుకోలేదని నేననుకుంటాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇట్లా బాగు చేసుకున్న బండిని ఎన్నాళ్లు నడపనిస్తారు? సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి ఎన్నో రెట్లు పెంచారు. 2021 ఆగస్టులో ప్రకటించిన తుక్కు విధానం ఉద్దేశం పాత బండ్లను తీసేసి కొత్తవి కొనిపించడం. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ వయసు లెక్క రేపు హైదరాబాద్‌కు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొత్త పికప్ తొమ్మిది, పది లక్షల మాట. నాలుగెకరాల కూరగాయల రైతు ఆ అప్పు ఏ ధర చూసుకుని చేయాలి?

పాత బండి పొగ వదులుతుంది, ప్రమాదం అంటారు. పొగ వదిలే బండిని ఆపాల్సిందే, బ్రేకులు పడని బండిని రోడ్డెక్కనివ్వకూడదు. దాంట్లో మనకు వాదన లేదు. కానీ దానికి చూడాల్సింది పొగను, బ్రేకులను. పుట్టిన సంవత్సరం చూసి ఎక్కువ ఫీజు వేస్తే, ఏడాదికి ముప్పై వేల కిలోమీటర్లు తిరిగే బండికీ, వారానికి మూడుసార్లు మండికి పోయివచ్చే బండికీ తేడా లేకుండా పోతుంది. నేను చూసినంతవరకు ఫిట్‌నెస్‌లో లైట్లు, హారన్, వైపర్, పొగ చూస్తారు. డ్రైవర్ సీటు కింద రేకు ఉందా, పొగ లోపలికి వస్తుందా అని వంగి చూసినవాళ్లు తక్కువ.

ట్రాక్టర్ విషయంలో మనం గెలిచాం. 2017లో వ్యవసాయ ట్రాక్టర్‌కు ఉన్న రవాణాయేతర వాహనం హోదా తీసేయాలని కేంద్రం చూసింది. రైతులు గొడవ చేశారు. అప్పటి హర్యానా ఎంపీ దుష్యంత్ చౌతాలా ఆ డిసెంబరులో ట్రాక్టర్ మీదే పార్లమెంటుకు వచ్చారు. ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. పొలం నుంచి మండికి సొంత పంట తీసుకుపోయే పికప్ కూడా వ్యవసాయ పనిముట్టేనని మనం ఎందుకు అడగకూడదు? సొంత పేరున పట్టా గాని కౌలు కాగితం గాని ఉన్న రైతు బండికి పాత ఫీజే ఉంచాలి.

విడిభాగాల సంగతి కూడా ఇందులోనే వస్తుంది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, వాహనాలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్లను సొంతంగా రిపేరు చేసుకునే హక్కు కోసం రైతులు ఏళ్లుగా కొట్లాడుతున్నారు. కొలరాడో రాష్ట్రం 2023లో దానికి చట్టమే చేసింది. మన దగ్గర కమిటీ ఉంది, వెబ్‌సైటు ఉంది, కంపెనీని బలవంతంగా విడిభాగం ఇప్పించే చట్టం లేదు. బండి తయారీ ఆపిన తర్వాత కూడా పదిహేనేళ్లు విడిభాగాలు అమ్మాలని మన డిమాండ్ల పత్రంలో ఒక వాక్యం చేర్చాలి.

రోడ్డు మీద ఇంకో బెదిరింపు వింటుంటాం. సీటు మార్చావు, లోపల మార్పులు చేశావు, సెక్షన్ 52 కేసు అని. మోటారు వాహనాల చట్టంలో ఆ సెక్షన్ చెప్పేది ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దని. సీట్ల సంఖ్య పెంచడం, ఇంజన్ రకం మార్చడం, బాడీ కొలతలు మార్చడం దాని కిందికి వస్తాయి. ఉన్న సీటుకు స్పాంజ్ వేసుకోవడం, మ్యాట్ మార్చడం, తలుపు అట్ట బిగించుకోవడం ఆర్‌సీలో రాసి ఉండవు. అట్లా బెదిరిస్తే ఏ వివరం మారిందో చలానాలో రాసి ఇవ్వమని మర్యాదగా అడగండి.

సంఘం చేయగలిగినవీ ఉన్నాయి. ఊరికో పనిముట్ల పెట్టె పెట్టుకోవచ్చు. పానాలు, వైర్ బ్రష్, రివెట్ గన్, చిన్న డ్రిల్లు ఒక్కొక్కరు కొనడం దండగ, పది మంది కలిస్తే భారం కాదు. మార్కెట్ యార్డుల్లో సరుకు దించాక డబ్బుల కోసం రైతు రెండు మూడు గంటలు ఖాళీగా ఎదురుచూస్తాడు. ఆ సమయంలో సీటు పనివాళ్లు, వెల్డర్లు కూర్చోవడానికి ఒక నీడ, కరెంటు పాయింటు ఇమ్మని మార్కెట్ కమిటీలను అడగాలి. మార్కెట్ ఫీజు మన పంట మీద వసూలు చేస్తున్నదే.

ఈ డిమాండ్లను మండల కమిటీల్లో చర్చకు పెట్టండి. పాత బండ్లున్న సభ్యులు మూడు సంగతులు కాగితం మీద రాసి కమిటీకి ఇవ్వండి: బండి ఏ మోడల్, ఏ సంవత్సరం, ఏ సామాను ఎంత తిరిగినా దొరకడం లేదు.