గడప దాటించడమే తొలి రౌండ్

కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ అంటే రేవు, సరుకుల లారీలు, ఇరుకు సందులు, ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. మగపిల్లల బాక్సింగ్ ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఆడపిల్లలు గ్లోవ్స్ తొడగడమే వింత. ఆ పని ముందుగా చేసినవారిలో రజియా షబ్నం ఒకరు. తర్వాత ఆమె కోచ్ అయ్యారు, అంతర్జాతీయ రిఫరీ కూడా అయ్యారు. అల్కా రఘురాం తీసిన 'బుర్ఖా బాక్సర్స్' డాక్యుమెంటరీ ఆమెనూ, ఈ వాడ అమ్మాయిలనూ బయటి ప్రపంచానికి చూపింది.

మహిళలకు ప్రపంచ బాక్సింగ్ పోటీలు మొదలైంది 2001లో. ఒలింపిక్స్‌లో చోటు దక్కింది 2012లో. అంతకుముందు అమ్మాయికి బాక్సింగ్ నేర్పుతానన్న కోచ్, తల్లిదండ్రులకు ఏ ఆశ చూపించగలరు? ముక్కు పగిలితే పెళ్లెలా అన్న ప్రశ్న మాత్రం ఎదురుగా సిద్ధంగా ఉండేది. కాబట్టి ఇలాంటి వాడలో కోచ్ గెలవాల్సిన తొలి రౌండ్ రింగులో కాదు, ఇంటి గడప దగ్గర.

తెలుగువారికి ఈ కథ నిజామాబాద్‌లో ఎదురవుతుంది. నిఖత్ జరీన్‌కు తొలి పాఠాలు నేర్పింది స్థానిక కోచ్ సంసముద్దీన్. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచిన హుసాముద్దీన్ ఆయన కొడుకే. తర్వాత నిఖత్ విశాఖపట్నంలో ద్రోణాచార్య గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర రాటుదేలింది. 2022, 2023లలో ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం పతకం రాలేదు.

ద్రోణాచార్య అవార్డు 1985 నుంచి ఉంది. దానికి ప్రధాన కొలమానం అంతర్జాతీయ పోటీల్లో శిష్యుల విజయాలు. అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఆ కొలబద్దకు అందని పని కొంత ఉంది. పతకం తేకుండానే ఆట మానేసిన అమ్మాయి కాలేజీకి ఒంటరిగా వెళ్లగలిగితే, తన పెళ్లి గురించి తానే మాట్లాడగలిగితే, ఆ గెలుపును ఎవరి ఖాతాలో రాయాలి?

పతకం వచ్చిన రోజు కెమెరాలన్నీ చివరి కోచ్ చుట్టూ చేరతాయి. మొదటి కోచ్ అప్పటికి మరో ఇంటి తలుపు తడుతూ ఉంటారు. క్రీడాశాఖలు ఆ తలుపులను కూడా లెక్కపెట్టడం నేర్చుకోవాలి. ఏటా ఎందరు అమ్మాయిలు చేరారు, అయిదేళ్ల తర్వాత ఎందరు మిగిలారు అన్న రెండు అంకెలు చాలు. గౌరవ వేతనానికి అంతకన్నా నిజాయితీ గల ప్రాతిపదిక ఏముంది?